ఫీజు లేని చదువుకు ఖర్చెంత?
(లైప్‌జిగ్ నగరంలో మన విద్యార్థి)

ఈ మధ్య మన కళాశాలలో ఏ ఇద్దరు ఫైనలియర్ విద్యార్థులు కలిసినా మాట తిరిగి తిరిగి జర్మనీ దగ్గరికే వస్తోంది. కారణం అందరికీ తెలిసిందే. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ఫీజు లేదు. 2023–24 శీతకాలపు సెమిస్టరు లెక్క ప్రకారం జర్మనీలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 49 వేల పైచిలుకు. పరదేశాల నుంచి వచ్చినవాళ్ళలో మనవాళ్ళదే మొదటి స్థానం, చైనావాళ్ళది రెండోది. ఇంతమంది వెళ్తున్నారంటే అందులో ఏదో ఉందనుకోవటం సహజమే. కాని "ఫీజు లేదు" అన్న మాట వినగానే మిగిలిన ప్రశ్నలన్నీ అడగటం మానేస్తున్నాం. నావంటి రైతు కుటుంబాల పిల్లలు తప్పనిసరిగా అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటికి నాకు తెలిసినంతలో జవాబులు చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నాకెలా తెలుసంటే, మా పెదనాన్నగారి అబ్బాయి రెండేళ్ళుగా లైప్‌జిగ్ నగరంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాడు. ప్రతి ఆదివారం ఇంటికి ఫోను చేస్తాడు. ఆదివారమే ఎందుకంటే ఆ రోజు అక్కడ కొట్లన్నీ మూసి ఉంటాయి, బజారు పని ఉండదు. (పాలూ రొట్టే శనివారం సాయంత్రమే తెచ్చుకోవాలి. మరిచిపోతే పెద్ద రైల్వేస్టేషన్లో తెరిచి ఉన్న ఒకటి రెండు కొట్లే గతి.) నేను కూడా ఆ దారినే వెళ్ళాలన్న ఆలోచనలో ఉన్నాను గనుక అన్నయ్యను అడిగి తెలుసుకున్నవి, దరఖాస్తు కాగితాల్లో చదివినవి కలిపి రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి నాలుగు మాటలు. లైప్‌జిగ్ జర్మనీకి తూర్పువైపున, సాక్సనీ రాష్ట్రంలో ఉంది. జనాభా ఆరు లక్షల పైన. విశ్వవిద్యాలయం 1409లో పుట్టింది. మహాకవి గోథే 1765 నుంచి 1768 దాకా ఇక్కడే న్యాయశాస్త్రం చదివాడు. మన ఫిజిక్సు వాళ్ళకు మాత్రం ఇంకొక పేరు చాలు. హైసెన్‌బర్గ్ 1927 నుంచి 1942 వరకు ఇక్కడ ప్రొఫెసరు. ఆయన దగ్గర 1928లో డాక్టరేటు పుచ్చుకున్న ఫెలిక్స్ బ్లాక్ ఆ పరిశోధనలో తేల్చినదే మనం ఘనపదార్థ భౌతికశాస్త్రంలో బట్టీపట్టే బ్లాక్ సిద్ధాంతం. హైదరాబాదులో పుట్టి ఉస్మానియాలో చదివిన రజియుద్దీన్ సిద్దిఖీ కూడా హైసెన్‌బర్గ్ శిష్యుడే. తిరిగివచ్చి ఉస్మానియాలోనే గణితం బోధించాడు. అంటే ఈ దారి మనకు నిన్న మొన్న పడింది కాదన్నమాట.

రెండో ప్రపంచయుద్ధం తరవాత ఈ ఊరు కమ్యూనిస్టు తూర్పు జర్మనీలోకి వెళ్ళింది. 1953 నుంచి 1991 దాకా విశ్వవిద్యాలయం పేరు కార్ల్ మార్క్స్ విశ్వవిద్యాలయం. ఆసియా, ఆఫ్రికా దేశాల విద్యార్థులకు జర్మన్ నేర్పటానికి 1956లో ఇక్కడే హెర్డర్ ఇన్‌స్టిట్యూట్ మొదలయింది. 1989 అక్టోబరు 9న నికొలాయ్ చర్చి దగ్గర నుంచి సుమారు డెబ్భై వేలమంది కొవ్వొత్తులు పట్టుకుని నడిచారు. ఒక్క తుపాకీ పేలలేదు. ఆ తరవాత నెల తిరిగేసరికి బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఈ చరిత్రకూ మన విద్యార్థికీ సంబంధం ఏమిటంటారా? ఉంది, భాష దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

ఇక ఫీజు. జర్మనీలో విద్య కేంద్రం చేతిలో లేదు, పదహారు రాష్ట్రాల చేతుల్లో ఉంది. ఫీజు ఎప్పుడూ లేదనుకోవటం కూడా సరికాదు. 2005లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు తరవాత కొన్ని రాష్ట్రాలు సెమిస్టరుకు 500 యూరోల చొప్పున వసూలు చేశాయి. విద్యార్థులు ఆందోళనలు చేశారు, ప్రభుత్వాలు మారాయి, ఒక్కొక్క రాష్ట్రమే ఎత్తేస్తూ వచ్చి 2014లో ఆఖరిదీ ఎత్తేసింది. మళ్ళీ 2017 నుంచి బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళ దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024–25 నుంచి మనబోటివాళ్ళకు ఫీజు పెట్టింది. కాబట్టి "జర్మనీలో ఫీజు లేదు" అనటం కన్నా "ఫలానా రాష్ట్రంలో, ఫలానా విశ్వవిద్యాలయంలో, ఈ సంవత్సరం లేదు" అనటం మేలు. లైప్‌జిగ్‌లో అన్నయ్య చదివే ఇంగ్లీషు మాధ్యమం ఫిజిక్సు కోర్సుకు లేదు. సెమిస్టరుకు మూడు వందల యూరోలకు అటూ ఇటూ చందా ఒకటి కట్టాలి. విద్యార్థుల భోజనశాల, హాస్టళ్ళు, విద్యార్థి సంఘం అన్నీ దానిమీదే నడుస్తాయి. చాలా విశ్వవిద్యాలయాల్లో ఆ చందాలోనే ట్రాములకూ బస్సులకూ మామూలు రైళ్ళకూ పాసు వస్తుంది.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు కథ బ్లాక్‌డ్ అకౌంటుది. వీసా ఇవ్వాలంటే ఒక సంవత్సరం తిండికీ బసకూ సరిపడా డబ్బు మన దగ్గర ఉందని ముందే చూపించాలి. స్కాలర్‌షిప్పు లేనివాళ్ళు మామూలుగా చేసేది ఆ డబ్బంతా ఒకేసారి ఒక ఖాతాలో వెయ్యటం. అక్కడికి వెళ్ళాక నెలకింత చొప్పున అదే మనకు తిరిగి ఇస్తారు. 2024 సెప్టెంబరులో ఈ మొత్తాన్ని 11,904 యూరోలుగా, అంటే నెలకు 992గా నిర్ణయించారు. (ఇది అప్పుడప్పుడూ పెరిగేదే గనుక దరఖాస్తు నాటికి మళ్ళీ చూసుకోవాలి.) యూరోను నూరు రూపాయలుగా లెక్కవేసుకుంటే పన్నెండు లక్షలు. మా ప్రాంతం లెక్కలో చెప్పాలంటే, 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు కేంద్రం మిర్చికి ప్రకటించిన రూ. 11,781 చొప్పున ఇది నూటొక్క క్వింటాళ్ళ మిర్చి. ఎకరాకు ఇరవై క్వింటాళ్ళు పండిందనుకున్నా అయిదెకరాల పంట మొత్తం, పెట్టుబడీ కూలీ కౌలూ ఏమీ తియ్యకుండా!

ఈ పన్నెండు లక్షలు ఎక్కడినుంచి తేవాలి? బ్యాంకులో విద్యారుణం ఉంది గదా అంటారు. ఉంది. కాని మామూలు పథకాల్లో ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి హామీ అడుగుతారు. మన ఆస్తి పొలం. బ్యాంకులు బాకీ వసూలుకు వాడుకునే 2002 నాటి సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదు. అందుచేత విద్యారుణానికి పొలాన్ని హామీగా పెట్టుకోవటానికి బ్యాంకులు సాధారణంగా ఒప్పుకోవు. ఊళ్ళో డాబా ఇల్లూ, పట్నంలో ప్లాటూ ఉన్నవాడికి తొమ్మిది పది శాతానికి అప్పు పుడుతుంది. నాలుగెకరాలున్న రైతుకి పుట్టదు. అతను వెళ్ళేది నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చే ఆసామి దగ్గరికి. మా పెదనాన్న వెళ్ళిందీ అక్కడికే.

ఇప్పుడు రెండు వైపుల లెక్కా పక్కపక్కన పెట్టి చూద్దాం. అన్నయ్యకు నెలకు వచ్చేది 992 యూరోలు. గది అద్దె 340. ఆరోగ్య బీమా 145, ఇది లేకుండా విశ్వవిద్యాలయంలో పేరే రాయరు. సెమిస్టరు చందా నెలకు పంచితే 50. తిండి 200, అది కూడా వండుకుంటేనే. ఫోనూ, రేడియో సుంకంలో అతని వంతూ కలిపి 20. (ఇంటికి నెలకు 18 యూరోల 36 సెంట్లు రేడియో సుంకం, ఇంట్లో రేడియో ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే. మా నాన్న ఇది విని చాలాసేపు నవ్వాడు.) మొత్తం 755. మిగిలింది 237 యూరోలు, అంటే రూ. 23,700. ఇక్కడ పన్నెండు లక్షలకు నూటికి రెండు రూపాయల చొప్పున నెలకు వడ్డీ రూ. 24,000. బట్టలూ, పుస్తకాలూ, చలికోటూ ఏమీ లేకుండా మిగిల్చిందంతా ఇంటికి పంపినా వడ్డీకే మూడు వందలు తక్కువ. అసలు అట్లాగే ఉంటుంది. రెండో సంవత్సరం నివాసానుమతి పొడిగించాలంటే మళ్ళీ డబ్బు చూపించాలి. ఫీజు లేని చదువుకు ఖర్చు ఎక్కడ ఉందో ఇప్పుడు తెలిసిందనుకుంటాను. అది విశ్వవిద్యాలయంలో లేదు, ఊళ్ళో వడ్డీలో ఉంది.

గది గురించి కూడా ఒక మాట చెప్పాలి. అక్కడ అద్దెలు రెండు రకాలు: చల్ల అద్దె, వేడి అద్దె. చల్ల అద్దె అంటే వట్టి గోడలకు. నీళ్ళూ, చలికాలం గది వెచ్చబెట్టటమూ కలిపితే వేడి అద్దె. ప్రకటనలో తక్కువ అంకె కనబడితే అది చల్లదా వేడిదా అని చూసుకోవాలి. అడ్వాన్సు చట్టప్రకారం మూడు నెలల చల్ల అద్దె దాకా అడగవచ్చు. ఇది ఆ 992లోంచి రాదు, విడిగా పట్టుకెళ్ళాలి. విద్యార్థులు ఎక్కువగా నలుగురైదుగురు కలిసి ఒక ఇల్లు తీసుకుని తలా ఒక గదిలో ఉంటారు. గది ఖాళీ అయితే కొత్తవాణ్ణి పిలిచి టీ ఇచ్చి మాట్లాడి, నచ్చితేనే ఇస్తారు. ఒక రకంగా పెళ్ళిచూపులే! అన్నయ్య అటువంటి చూపులకు పదకొండుసార్లు కూర్చున్నాడు. గది దొరికిన రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి. అది లేకపోతే తరవాతి పనులు ఒక్కొక్కటిగా ఆగిపోతాయి.

సరే, డబ్బు చాలకపోతే పని చేసుకోవచ్చు గదా అని అందరూ చెప్పే సమాధానం. చేసుకోవచ్చు. 2024 మార్చి నుంచి మనబోటి విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చెయ్యటానికి చట్టం ఒప్పుకుంటుంది. కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకు 13 యూరోల 90 సెంట్లు. సగం రోజంటే నాలుగు గంటల లెక్కన 280 రోజులూ చేస్తే ఏడాదికి పదిహేను వేల యూరోలు దాటుతుంది. కాగితం మీద చూస్తే కళ్ళు చెదిరే మొత్తమే. అయితే ఇంకో లెక్క ఉంది. అక్కడ చదువును క్రెడిట్లలో కొలుస్తారు. సెమిస్టరుకు 30 క్రెడిట్లు, క్రెడిట్టుకు 25 నుంచి 30 గంటల శ్రమ. అంటే సెమిస్టరుకు 750 నుంచి 900 గంటలు. సెలవులతో సహా ఇరవై ఆరు వారాలకు పంచినా వారానికి ఇరవై ఎనిమిది గంటలకు తగ్గదు. దానిమీద ఇరవై గంటల పని, వంట, ప్రయాణం. చేసేవాళ్ళు ఉన్నారు, లేరనను. చేస్తూ రెండేళ్ళ కోర్సును మూడేళ్ళకు, మూడున్నరేళ్ళకు లాగినవాళ్ళూ ఉన్నారు. వడ్డీ మాత్రం సెమిస్టర్లు లెక్కపెట్టదు.

పైగా ఆ పని దొరకాలి. పని దొరకాలంటే జర్మన్ రావాలి. ఇందాక చరిత్ర చెప్పింది ఇందుకే. తూర్పు జర్మనీ బడుల్లో పిల్లలకు నేర్పిన మొదటి పరభాష రష్యన్, ఇంగ్లీషు కాదు. అందువల్ల లైప్‌జిగ్‌లో ఈనాడు యాభై అరవై దాటినవాళ్ళలో, అంటే ఇంటి యజమానుల్లో, రొట్టెల కొట్టు నడిపేవాళ్ళలో, కార్యాలయం గుమాస్తాల్లో చాలామందికి ఇంగ్లీషు పలకదు. తరగతిలో ఇంగ్లీషు, గడప దాటితే జర్మన్. మనవాళ్ళు "ఇంగ్లీషు మీడియం కోర్సు" అన్న మాట చూసి భాష అక్కర్లేదనుకుని వెళ్తున్నారు. అన్నయ్య వెళ్ళేటప్పటికి అతనికి వచ్చింది ఏ2 స్థాయి జర్మన్. మొదటి ఆరునెలలూ అతనికి దొరికింది విమానాశ్రయం దగ్గర సరుకుల కేంద్రంలో రాత్రిపూట పెట్టెలు మోసే పని ఒక్కటే. తెల్లవారి వచ్చి తొమ్మిదింటి క్లాసులో కూర్చుంటే ఏం తలకెక్కుతుందో మనం ఊహించుకోవచ్చు.

నిజానికి జర్మన్ మనకు అంత పరాయిది కాదు. నేను ఏడాదిగా నేర్చుకుంటున్నాను గనుక ధైర్యంగా చెప్పగలను. వాక్యంలో వాక్యం వచ్చినప్పుడు, అంటే "వాడు రేపు వస్తాడని" వంటి చోట, జర్మన్‌లో క్రియ ఆఖరుకు పోతుంది. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాడికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది, మనకు ఇంటి సంగతి. నువ్వు, మీరు అన్న తేడా ఇంగ్లీషులో లేదు, జర్మన్‌లో ఉంది: డూ, జీ. ఎవరితో ఎప్పుడు "డూ" లోకి దిగవచ్చో మన పల్లెటూరి పిల్లవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇక సమాసాలు. ఇల్లు అద్దెకిచ్చినవాడు రాసిచ్చే కాగితాన్ని వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అంటారు. చూసి భయపడకుండా విడగొడితే వోనుంగ్ ఇల్లు, గేబర్ ఇచ్చేవాడు, బెష్టేటిగుంగ్ ధ్రువీకరణ. తత్పురుష సమాసం, అంతే. కష్టమల్లా లింగాలతోనే. అమ్మాయి అనే మాట అక్కడ నపుంసకలింగం! తరగతిలో అందరం నవ్వాం. కాని "ఆమె వచ్చింది, ఆవు వచ్చింది" అనే మనకు నవ్వే హక్కు లేదని ఇంటికి వచ్చాక తోచింది.

అన్నయ్యకు భాష వచ్చింది క్లాసులో కాదు, తోటలో. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో జర్మనీ గురించి అందరికీ గుర్తున్న సంగతి ఇదొక్కటే. లైప్‌జిగ్ ఊరు మధ్యలోనూ చుట్టూరా వేల సంఖ్యలో చిన్న చిన్న తోటలున్నాయి. వీటిని ష్రేబర్ తోటలంటారు. ష్రేబర్ అనే వైద్యుడి పేరు మీద 1864లో ఈ ఊళ్ళోనే మొదటి సంఘం ఏర్పడింది. మొదట పిల్లలు ఆడుకునే మైదానం, దాని పక్కన పిల్లలకోసం వేసిన మళ్ళు, తరవాత అవి పెద్దవాళ్ళ చేతికి వచ్చాయి. ఇల్లు మేడమీద, తోట ట్రాము దిగి నడిచే దూరంలో. 1983 నాటి చట్టం ప్రకారం ఒక తోట 400 చదరపు మీటర్లు మించకూడదు, అంటే మన లెక్కలో పది సెంట్లు. అందులో 24 చదరపు మీటర్ల గుడిసె వేసుకోవచ్చు, కాపురం మాత్రం ఉండకూడదు. వట్టి గడ్డి పెంచుకుని కుర్చీ వేసుకుంటే ఒప్పుకోరు, కనీసం మూడోవంతు నేలలో కూరలో పళ్ళో పండించాలి. నేలకు కౌలు కట్టాలి. భార్యాభర్తలు వయసు మళ్ళాక వంగలేక తోట వదులుకోవాల్సి వచ్చినప్పుడు ఏడుస్తారట.

అన్నయ్య ఉండే వీధిలో రిటైరయిన బడిపంతులమ్మ ఒకావిడకు అటువంటి తోట ఉంది. ఆవిడ నేల తవ్వలేకపోతోంది. ఇతనికి పార పట్టటం వచ్చు. శనివారాలు వెళ్ళి తవ్వి పెట్టటం మొదలుపెట్టాడు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, ఇతనికి రష్యన్ రాదు, మిగిలింది జర్మనే. రోజూ బంగాళదుంపలూ, ఎరువూ, వానా, నత్తల గురించి మాట్లాడి మాట్లాడి ఏడాదికల్లా బీ2 పరీక్ష పాసయ్యాడు. మొన్న మే నెలలో మిర్చి నారు పెట్టబోతే ఆవిడ ఆపింది. మే 15 దాటే దాకా లేత నారు బయట పెట్టకూడదని అక్కడి రైతుల నమ్మకం. మే 11 నుంచి 15 వరకు వచ్చే సెయింట్ల రోజులను మంచు సెయింట్లంటారు, ఆ నాలుగైదు రోజుల్లో ఆఖరి మంచు పడవచ్చు. ఫోనులో ఇది విని మా నాన్న, "మన కార్తెల్లాగే ఉందేరా! మరి వాళ్ళకి నీళ్ళెట్టా?" అని అడిగాడు. "కుళాయి ఉంది బాబాయ్, మీటరు పెట్టి డబ్బులు తీసుకుంటారు" అన్నాడు అన్నయ్య. "తోటకి కూడానా?" అని నాన్న ఆశ్చర్యపోయాడు. భాష వచ్చాక రాత్రి పని మానేసి, ఇప్పుడు విశ్వవిద్యాలయంలోనే ప్రయోగశాల సహాయకుడిగా చేస్తున్నాడు. ఆ పని 140 రోజుల లెక్కలోకి కూడా రాదు.

చదువు సంగతి. హాజరు అడిగేవాళ్ళు తక్కువ. లెక్చరుకు వెళ్ళినా మానినా ఎవరూ పట్టించుకోరు, కాని వారం వారం ఇచ్చే లెక్కలు చేసి చూపించాలి. వాటిలో సగం మార్కులన్నా రాకపోతే చాలాచోట్ల పరీక్షకే కూర్చోనివ్వరు. టైంటేబులులో పది అని ఉండి పక్కన సి.టి. అన్న రెండక్షరాలుంటే క్లాసు పదింపావుకు మొదలవుతుందని అర్థం. ఇది పాత ఆచారం. లెక్చరు అయిపోయాక చప్పట్లు కొట్టరు, వేలిముడుకులతో బల్లమీద తట్టుతారు. పరీక్షకు మనంతట మనమే గడువులోగా పేరు నమోదు చేసుకోవాలి, ఎవరూ గుర్తు చెయ్యరు. చాలా పరీక్షలు నోటితోనే: ప్రొఫెసరు ఎదురుగా అరగంట. మన పద్ధతిలో పది ముఖ్యమైన ప్రశ్నలు చదువుకుపోతే అక్కడ రెండో ప్రశ్నకే దొరికిపోతాం. ఎందుకంటే రెండో ప్రశ్న ఎప్పుడూ "ఎందుకు?" అనే. చాలా కోర్సుల్లో ఒక పరీక్షకు మూడు అవకాశాలే. మూడోసారీ తప్పితే ఆ కోర్సు నుంచి తీసేస్తారు. మనకున్నట్టు ఏళ్ళ తరబడి సప్లిమెంటరీలు ఉండవు.

మార్కులు మనకు తిరగేసి ఉంటాయి. 1.0 అత్యుత్తమం, 4.0 పాసు, 5.0 తప్పినట్టు. మన మార్కులను వాళ్ళ లెక్కలోకి మార్చటానికి ఒక సూత్రం వాడతారు. గరిష్ఠం నుంచి మనకొచ్చినది తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాసు మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చించి ఒకటి కలపాలి. పదికి నాలుగు పాసయిన చోట 7.6 వచ్చినవాడికి 2.4ను 6తో భాగిస్తే 0.4, మూడు రెట్లు 1.2, ఒకటి కలిపితే 2.2. చాలా మాస్టర్స్ కోర్సులు 2.5 లోపు అడుగుతాయి. మన మూడేళ్ళ బీయెస్సీని కొన్ని విశ్వవిద్యాలయాలు సరిపోతుందంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఫలానా సబ్జెక్టులో ఇన్ని క్రెడిట్లు చదివావా అని సిలబసు తిరగేసి మరీ చూస్తాయి. కాబట్టి సిలబసు పుస్తకం పారెయ్యకండి.

మనుషులు ఎట్లాంటివాళ్ళని అందరూ అడుగుతారు. ఒక్క మాటలో చెప్పటం అన్యాయం. 2024 సెప్టెంబరులో సాక్సనీ రాష్ట్ర ఎన్నికల్లో, వలస వచ్చినవాళ్ళను వ్యతిరేకించే పార్టీకి నూటికి ముప్ఫై పైగా ఓట్లు వచ్చాయి. లైప్‌జిగ్ నగరం గాలి వేరు, అక్కడ ఆ భావాలకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చేవాళ్ళు ఎక్కువ. అయినా ట్రాములో పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోని రోజులున్నాయని అన్నయ్య ఒకసారి చెప్పాడు, రెండోసారి అడిగితే మాట మార్చాడు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి. గది, లైబ్రరీ, గది. చలికన్నా ఆ చీకటే కష్టమట. మా పెద్దమ్మ పంపిన మిరప్పొడి, గోంగూర పచ్చడి అయిపోయిన వారం ఫోనులో గొంతు తేడాగా ఉంటుంది.

వెళ్ళదలచుకున్నవాళ్ళు చెయ్యవలసిన పనుల వరస ఇది. అన్నిటికన్నా ముందు భాష, ఇక్కడే, డిగ్రీ చదువుతుండగానే. హైదరాబాదులో గోథే జెంట్రుమ్ ఉంది, ఇంటి దగ్గరనుంచి నేర్చుకునే మార్గాలూ ఉన్నాయి. ఏ2తో వెళ్ళటం కన్నా ఒక సంవత్సరం ఆగి బీ1, బీ2తో వెళ్ళటం లాభం. ఆ సంవత్సరం ఆగినందుకు వడ్డీ లేదు, అక్కడ భాష లేక పోగొట్టుకునే ఆరునెలలకు ఉంది. తరవాత ఏపీఎస్ ధ్రువపత్రం. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులకు ఇది తప్పనిసరి, మన డిగ్రీ కాగితాలు నిజమైనవేనని ఢిల్లీలో పరిశీలించి ఇస్తారు, రుసుము రూ. 18,000. తరవాత దరఖాస్తు. చాలా విశ్వవిద్యాలయాలకు, లైప్‌జిగ్‌కు కూడా, యూని-అసిస్ట్ అనే సంస్థ ద్వారా పంపాలి. మొదటిదానికి 75 యూరోలు, అదే సెమిస్టరులో తరవాతి ఒక్కొక్కదానికి 30. దీనికి ఏజెంటు అక్కర్లేదు, ఫారాలు నింపటం మన పరీక్ష ఫీజు ఫారం కన్నా కష్టమేమీ కాదు. ఏజెంట్లలో కొందరు ప్రైవేటు విద్యాసంస్థల పేర్లు చెప్తారు. వాటిలో ఫీజు ఏడాదికి పదివేల యూరోలు దాటేవి కూడా ఉన్నాయి. జర్మనీ అన్న పేరు ఒకటే గాని అది వేరే లెక్క, దానికోసం సెంటు భూమి కూడా కదపకూడదని నా అభిప్రాయం. డాడ్ అని పిలిచే జర్మన్ విద్యా వినిమయ సంస్థ 1925 నుంచి స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. పోటీ ఎక్కువే, కాని దరఖాస్తుకు డబ్బు అడగరు. మాస్టర్స్ పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవటానికి పద్దెనిమిది నెలలు ఉండనిస్తారు. అప్పు తీరేది ఏమన్నా ఉంటే అక్కడినుంచే మొదలు.

మా ఇంట్లో ఇంకా ఏదీ తేలలేదు. పెదనాన్న బాకీలో అసలు ఇంకా ఏడు లక్షలుంది, రెండో పొలం మీద ఇంకొక బాకీ పెట్టటానికి నాన్న సిద్ధంగానే ఉన్నాడు గాని అమ్మ ఒప్పుకోవటం లేదు. నేను అమ్మ వైపే ఉన్నాను. ఏడున్నర లక్షల లోపు బ్యాంకు అప్పు, మిగతాది రెండేళ్ళు ఏదైనా ఉద్యోగం చేసి కూడబెట్టి వెళ్తానన్నాను. "ఈ ఏడు కాయ యార్డుకి వెయ్యనియ్యి, ధర చూసి మాట్లాడదాం" అన్నాడు నాన్న. నా బీ1 పరీక్ష మార్చిలో ఉంది.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి